నల్లగా అచ్చైన ఆనకట్ట

ముందే చెప్పేస్తున్నా, నేను సివిల్ స్టూడెంట్‌ని కాను. సీఎస్‌ఈ సెకండియర్. ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లిష్ మీడియం. తెలుగు నాకు ఇంట్లో మాట్లాడే భాష, బళ్లో మాత్రం మార్కుల కోసం చదివిన సబ్జెక్టు. అందుకే ఈ వ్యాసంలో ఒత్తులు దిద్దింది మన క్లబ్ అక్క. మిగిలిన తప్పులు, పడ్డ తిప్పలు అన్నీ నావే.

సంగతేంటంటే, జులై 11న తెలంగాణ ఇంజినీర్స్ డే. దేశమంతా సెప్టెంబర్ 15న విశ్వేశ్వరయ్య పుట్టినరోజుకు ఇంజినీర్స్ డే చేసుకుంటుంది కదా, రాష్ట్రం వచ్చాక 2014 నుంచి మనకు ఇంకోటి కూడా ఉంది. అది నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ పుట్టినరోజు. సివిల్ వాళ్లు చిన్న ఎగ్జిబిషన్ పెడుతూ మా రూమ్మేట్‌కి ఒక పెద్ద షీట్ అప్పగించారు. ఎడమ పక్క నిజాంసాగర్ లాంటి రాతి ఆనకట్ట అడ్డకోత, కుడి పక్క మామూలు మట్టికట్ట అడ్డకోత, కింద ఆయన జీవితం తెలుగులో. బొమ్మ వాడిది, జీవితం నాది అని పంచుకున్నం. కంప్యూటర్‌తో ఏ గొడవొచ్చినా అది కూడా నాదే. సీఎస్‌ఈ అంటే చాలు, ప్రింటర్ నుంచి గీజర్ దాకా అన్నీ మనమే బాగు చేస్తామని ఇంట్లో, హాస్టల్లో అందరికీ అదో నమ్మకం.

నిజం చెప్పాలంటే అప్పటిదాకా అలీ నవాజ్ జంగ్ ఎవరో నాకు తెలియదు. పేరు విన్నాను, అంతే. కాటన్ దొర తెలుసు, విశ్వేశ్వరయ్య తెలుసు. మా తాతల పొలాలు గోదావరి పక్కన ఉన్నాయి గానీ, ఆ గోదావరికి చేరే మంజీర మీద ఆనకట్ట కట్టించిన మనిషి పేరు తెలియకుండానే ఇంజినీరింగ్‌లో చేరిపోయాను. ఇందులో గొప్పగా చెప్పుకునేదేమీ లేదు.

జులై 10 సాయంత్రం కరీంనగర్‌లో ఒక ప్రింటింగ్ షాపుకి పెన్‌డ్రైవ్ పట్టుకుని పోయినం. షీట్ బయటికొచ్చింది. చూస్తే రెండు కట్టలూ నల్లగా, సింగరేణి బొగ్గు కుప్పల్లా ఉన్నాయి. గీత లేదు, చుక్క లేదు, నిండా నలుపు. షాపు అన్న మమ్మల్ని చూసి నవ్వి, ఇంక్ ఖర్చు మీదే తమ్మీ అన్నడు. అందులో ఆయన తప్పేం లేదు. మేం ఇచ్చిందే ఆయన అచ్చేసిండు.

హ్యాచ్ అంటే తెలియని వాళ్ల కోసం ఒక మాట. ఒక వస్తువును నిలువునా కోసినట్టు ఊహించుకుని గీసే బొమ్మను సెక్షన్ అంటారు. తెగిన చోట ఏ పదార్థం ఉందో చెప్పడానికి నింపే గీతలు, చుక్కలే హ్యాచ్. మామిడికాయను కోస్తే కండ, టెంక, జీడి వేర్వేరుగా కనిపిస్తాయి కదా, అట్లా. మేం రాతికి వాలు గీతలు పెట్టినం, మట్టికి చుక్కలు. తెరమీద దగ్గరికి జూమ్ చేసుకుని బాగుందని మురిసిపోయినం. ప్లాట్ ప్రివ్యూ చూడాలన్న బుద్ధి ఇద్దరికీ పుట్టలేదు.

ఎందుకు నల్లగా వచ్చిందో షాపు మెట్ల మీద కూర్చుని లెక్కేశాను. ఆ వాలు గీతల ప్యాటర్న్ పేరు ఆన్సీ-31. అందులో గీతకూ గీతకూ మధ్య దూరం 3.175 మి.మీ., అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. మేం ఆనకట్టను అసలు కొలతల్లో, మిల్లీమీటర్లలో గీశాం. హ్యాచ్ స్కేల్ మాత్రం 1 దగ్గరే వదిలేశాం. షీట్ మీదికి 1:200కి తగ్గించి అచ్చేసేసరికి ఆ 3.175 కాస్తా 0.016 మి.మీ. అయింది. ప్రింటర్ గీసే గీత మందమే దానికి పది రెట్ల పైన ఉంటుంది. ఇక గీతల మధ్య తెల్లదనం ఎక్కడ మిగులుతుంది? స్కేల్‌ను 200 చేస్తే కాగితం మీద మళ్లీ 3.175 మి.మీ. దూరం వస్తుంది. అంతే. ఇంత చిన్న గుణకారం కోసం ఒక పెద్ద షీట్ పాడైంది.

రూమ్మేట్ ల్యాప్‌టాప్‌లో స్కేల్ మారుస్తుంటే నేను ఫోన్‌లో రాసుకున్న జీవితాన్ని మళ్లీ చదువుకున్నాను.

అలీ నవాజ్ జంగ్ అనేది బిరుదు. అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. 1877 జులై 11న హైదరాబాద్‌లో పుట్టారు. నాన్న నిజాం సర్కారులో ఉద్యోగి. సెయింట్ జార్జ్ గ్రామర్ స్కూల్, మదర్సా-ఎ-ఆలియా, తర్వాత నిజాం కాలేజీ. 1896లో, అంటే ఇంచుమించు నా వయసులోనే, సర్కారు స్కాలర్‌షిప్ మీద ఇంగ్లండ్‌లోని కూపర్స్ హిల్ కాలేజీకి వెళ్లారు. విండ్సర్ దగ్గర ఉండేది అది. భారతదేశంలో రోడ్లు, కాలువలు, వంతెనలు కట్టడానికి ఇంజినీర్లను తయారు చేయాలని బ్రిటిష్ వాళ్లు 1870ల మొదట్లో పెట్టిన కాలేజీ, 1906లో మూసేశారు. పని చేయాల్సిన నేల మనది, చదువుకునే పిల్లలు దాదాపు అందరూ వాళ్లు. ఆ గుంపులో హైదరాబాద్ పిల్లాడు ఒకడు. నేను హాస్టల్‌కి వచ్చిన మొదటి వారం ఇంటి మీద బెంగతో అన్నం తినలేదు, కరీంనగర్ మా ఊరికి బస్సులో కొన్ని గంటలే. ఆయన ఓడ మీద పోయినోడు.

ఇక్కడ నాకు బాగా నచ్చిన సంగతి ఒకటి ఉంది. హ్యాచ్ గురించి వెతుకుతుంటే దొరికింది. 19వ శతాబ్దంలో చాలాకాలం ఇంజినీరింగ్ బొమ్మల్లో పదార్థాన్ని గీతలతో కాదు, రంగులతో చూపించేవారు. ఇటుకకు ఎరుపు, ఇనుముకు నీలం, ఇత్తడికి పసుపు, ఇట్లా కుంచెతో పల్చగా పూసేవాళ్లు. ఇంజినీర్ అంటే సగం చిత్రకారుడు కూడా. తర్వాత బ్లూప్రింట్ వచ్చింది. జాన్ హెర్షెల్ అనే ఖగోళ శాస్త్రవేత్త 1842లో కనిపెట్టిన ఇనుప లవణాల పద్ధతి అది. 1870ల తర్వాత ఆఫీసుల్లో బాగా పాకింది. ట్రేసింగ్ గుడ్డ మీద ఇంకుతో గీసిన బొమ్మను ఆ మందు పూసిన కాగితం మీద పెట్టి ఎండలో ఉంచితే, నీలం మీద తెల్ల గీతలతో ఎన్ని కాపీలైనా తీయొచ్చు. వచ్చిన చిక్కల్లా రంగులు పోయాయి. ఎరుపైనా పసుపైనా కాపీలో అంతా నీలమే. ఇటుక ఏదో ఇనుము ఏదో చెప్పడానికి ఇక గీతలే దిక్కయ్యాయి. హ్యాచింగ్ అంతకుముందు చెక్కుడు బొమ్మల్లో ఉన్నదే గానీ, ఇంజినీర్ల రోజువారీ బొమ్మల్లో రంగుల స్థానంలో అది పాతుకుపోయింది అప్పుడే. అంటే మేం ఆ రాత్రి కొట్టుకున్న హ్యాచ్ అనేదే ఒక ప్రింటింగ్ సమస్యకు దొరికిన జవాబు! మీర్ అహ్మద్ అలీ చదువుకున్నది సరిగ్గా రంగులు తగ్గిపోయి గీతలు పెరుగుతున్న ఆ రోజుల్లోనే.

1899లో తిరిగొచ్చి హైదరాబాద్ పీడబ్ల్యూడీలో అసిస్టెంట్ ఇంజినీర్‌గా చేరారు. తొమ్మిదేళ్లకు, 1908 సెప్టెంబర్ 28న, మూసీ ఊరి మీద పడింది. వేలల్లో జనం పోయారు. సర్కారు విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన చెప్పిన పథకం ప్రకారం 1920కి ఉస్మాన్‌సాగర్, 1927కి హిమాయత్‌సాగర్ తయారయ్యాయి. ఈ కథలో విశ్వేశ్వరయ్య పేరు మనందరికీ తెలుసు. పథకం ఇచ్చి వెళ్లినవాళ్లు ఒకరైతే, ఇక్కడే ఉండి ఏళ్ల తరబడి శాఖను నడిపినవాళ్లు ఇంకొకరు. ఆ రెండో వరసలో ఉన్న మనిషి అలీ నవాజ్ జంగ్. 1918లో చీఫ్ ఇంజినీర్ అయ్యారు. నాకెందుకో మన గ్రూప్ ప్రాజెక్టులు గుర్తొస్తాయి. ఐడియా చెప్పినోడి పేరు పీపీటీ మొదటి స్లైడ్ మీద ఉంటుంది, రాత్రంతా కూర్చుని నడిపించినోడి పేరు ఆఖరి స్లైడ్‌లో. (ఇది ఎవరినీ ఉద్దేశించి రాసింది కాదు. కొంచెం ఉద్దేశించిందే.)

రెండో ప్రింట్ వచ్చింది. రాతికట్ట అద్భుతం. వాలు గీతలు దువ్వెన పళ్లలా తేలాయి. మట్టికట్ట మాత్రం మాయం. అంచు గీతలున్నాయి, లోపల ఖాళీ. అంటే ఏ పదార్థమూ లేదు, గాలి కట్ట. ఇదేం తిరకాసు అనుకున్నం. కాసేపటికి అర్థమైంది. మట్టికి పెట్టిన చుక్కల ప్యాటర్న్ వేరే జాతి. పేరు ముందు ఏఆర్ అని ఉండే ప్యాటర్న్‌లు ఇళ్లూ గోడలూ అసలు కొలతల్లో గీసేవాళ్ల కోసం ముందే పెద్దగా తయారుచేసినవి. ఆన్సీకి పెట్టిన 200 దీనికీ పెట్టేసరికి చుక్కలు ఒకదానికొకటి ఎంత దూరం జరిగాయంటే, మొత్తం కట్టలో ఒక్క చుక్క పడటం కూడా కష్టం. ఒకదానికి సరిపోయిన నంబర్ ఇంకోదాన్ని మాయం చేసింది. స్కేల్‌ను బాగా తగ్గించి, కొంచెం కొంచెం మార్చుకుంటూ పోతే తెరమీద చుక్కలు వచ్చినయ్.

నిజాంసాగర్ దగ్గరికొద్దాం. మంజీర మీద, అచ్చంపేట దగ్గర. 1923లో మొదలై 1931లో పూర్తయింది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలం. ఇప్పుడు ఆ చోటు కామారెడ్డి జిల్లా. నిజామాబాద్ ప్రాంతంలో 2.75 లక్షల ఎకరాలకు నీళ్లివ్వాలని కట్టారు. అప్పటికి జేసీబీలు లేవు, రెడీమిక్స్ లారీలు లేవు. రాయి కొట్టడం, మోయడం, పేర్చడం అన్నీ మనుషులూ పశువులే. ఆ నీళ్ల మీద చెరకు పెరిగింది, దాన్ని నమ్ముకుని 1930ల చివర్లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఒక ఆనకట్ట వల్ల ఒక జిల్లా తిండి, పంట, పెళ్లి సంబంధాలతో సహా మారిపోతుందని మా నాన్న అంటాడు. నిజామాబాద్ వైపు పిల్లనిస్తే నీళ్లకు కరువుండదని మా దగ్గర పెద్దవాళ్లు అనుకునేవారట.

ఇంకో పక్క కూడా రాయాలి. జలాశయం కింద ఊళ్లకు ఊళ్లే మునిగాయి. ఆ జనాల పేర్లు ఏ శిలాఫలకం మీదా నేను చూడలేదు. ఆ కాలంలో మన పల్లెల్లో వెట్టి ఉంది, జాగీర్దార్లు, దేశ్‌ముఖ్‌లు ఉన్నారు. నవాబు గారి ఇంజినీర్‌ని పొగడటం ఏంటని మా రూమ్మేట్‌తో ఒక రాత్రి గొడవ కూడా అయింది. వాడి ముత్తాత సాయుధ పోరాటంలో ఉన్నాడంట. వాడి కోపం నాకు అర్థమైంది. నేను అన్నదల్లా, రాజు ఎవరో ఇంజినీర్ ఎంచుకోలేడు, కట్ట ఎక్కడ కట్టాలో, ఎంత గట్టిగా కట్టాలో అతని చేతిలో ఉంటుందని. వాడు ఒప్పుకోలేదు. బొమ్మ మాత్రం వాడే గీసిండు.

కట్టినదీ శాశ్వతం కాదు. మంజీర తెచ్చిన ఒండ్రు జలాశయాన్ని నింపుతూ పోయింది. మొదట్లో దాదాపు 30 టీఎంసీలు పట్టేది, ఇప్పుడు లెక్క 17.8 టీఎంసీలు. షీట్ మీద ఒండ్రుకు కూడా ఒక హ్యాచ్ పెడదామని నేనన్నాను. రూమ్మేట్ నన్ను ఒక చూపు చూసిండు. అప్పటికి రాత్రి తొమ్మిదిన్నర.

మూడో ప్రింట్. మట్టికట్ట మళ్లీ ఖాళీ.

తెరమీద ఉంది, కాగితం మీద లేదు. షాపు అన్న షట్టర్ సగం దించేసిండు. ఇక్కడ నాకు నవ్వు రాలేదు. ఎందుకో చెప్పాలంటే కడెం గురించి చెప్పాలి.

మా అమ్మ పుట్టిల్లు కడెం ప్రాజెక్టు కింద ఒక ఊరు. ఇప్పుడు నిర్మల్ జిల్లా, అమ్మ చిన్నప్పుడు ఆదిలాబాద్. కడెం వాగు గోదావరికి ఉపనది. దాని మీది కట్టలో కొంత మట్టి, కొంత రాతి కట్టడం. 1958 ఆగస్టులో, కొత్తగా కట్టిన కట్ట మీంచి వరద పొర్లింది. 2.4 మీటర్ల ఎత్తు అదనంగా వదిలినా చాలలేదు, కట్ట నెత్తి మీద 46 సెంటీమీటర్ల నీళ్లు పారాయి. ఎడమ వైపు 137 మీటర్ల మేర గండి పడింది, కుడి వైపు ఇంకో రెండు చోట్ల తెగింది. తెగిపోయిన ఆనకట్టల జాబితాల్లో మన కడెం పేరు కూడా కనిపిస్తుంది. రాతికట్ట మీంచి నీళ్లు దూకినా అది కొంతసేపు ఓర్చుకుంటుంది. మట్టికట్ట మీంచి పొర్లితే మాత్రం నీళ్లు దాన్ని కోసుకుంటూ పోతాయి. ఏది రాయో ఏది మట్టో అన్న తేడా కట్ట కింద పడుకునే వాళ్లకు నిద్రతో సమానం.

తర్వాత దాన్ని మళ్లీ కట్టారు. 2022 జులైలో మళ్లీ గేట్ల మీంచి నీళ్లు పొర్లాయి. నేనప్పుడు ఇంటర్‌లో కూడా చేరలేదు. కింది ఊళ్లను ఖాళీ చేయించారు. అమ్మమ్మ ఎక్కడుందో తెల్లారే దాకా తెలియలేదు, అమ్మ ఫోన్ పట్టుకుని వంటింట్లో నేల మీద కూర్చుంది. ఫోన్ కలిసినప్పుడు అమ్మమ్మ మొదట అడిగింది బర్రెల గురించి. ఆ ఏడాది కట్ట నిలిచింది. 2023 జులైలో మళ్లీ అదే భయం.

అందుకే ఆ షీట్ మీద మట్టికట్ట ఖాళీగా కనిపిస్తే నాకు ఒళ్లు మండింది. పోస్టర్ అందంగా లేదని కాదు. చూసేవాడికి అది మట్టి అని చెప్పే ఒక్క గుర్తు కూడా కాగితం మీదికి రావట్లేదని.

ల్యాప్‌టాప్ నేను లాక్కున్నాను. లేయర్ల పట్టిక తెరిచి ఒక్కొక్కటే చూశాను. ప్రింటర్ గుర్తు అన్నిటికీ వెలుగుతోంది, ఒక్కదానికి తప్ప. మట్టి హ్యాచ్ ఉన్న లేయర్ పేరు డెఫ్‌పాయింట్స్. కొలతల గీతలు వేసినప్పుడు సాఫ్ట్‌వేర్ తనంతట తానే పుట్టించుకునే లేయర్ అది. దాని మీద ఏం గీసినా తెరమీద కనిపిస్తుంది, అచ్చులోకి మాత్రం రాదు. అది బగ్ కాదు, దాని స్వభావమే అంత. రూమ్మేట్ కొలతలు వేశాక అదే లేయర్ మీద ఉండిపోయి మట్టి నింపేసిండు. హ్యాచ్‌ను తీసి వేరే లేయర్ మీద పెట్టినం. ఈసారి ప్రివ్యూ చూసినం, పీడీఎఫ్ తీసినం, ఆ పీడీఎఫ్‌ను నా ఫోన్‌లో కూడా తెరిచి చూసినం. నాలుగో ప్రింట్‌లో మట్టి మట్టిలా, రాయి రాయిలా వచ్చాయి. అన్న ఆఖరి ప్రింట్‌కు డబ్బులు తీసుకోలేదు.

ఇదే పని మీకు పడితే ఇంకో రెండు మాటలు. హ్యాచ్‌కి ట్రాన్స్‌పరెన్సీ పెట్టుకుంటే, ప్లాట్ చేసేటప్పుడు దానికి విడిగా టిక్ పెట్టాలి, లేకపోతే లేత రంగు ముద్దగా అచ్చవుతుంది. సర్వే వాళ్లు ఇచ్చిన కోఆర్డినేట్లతో బొమ్మ మూలబిందువుకు లక్షల మీటర్ల దూరంలో ఉంటే గీతలు వంకర్లు పోతాయి, మాయమవుతాయి కూడా. దశాంశాలను కంప్యూటర్ ఎంత దాకా గుర్తుపెట్టుకోగలదన్న దాని గొడవ అది, సీఎస్‌ఈ వాళ్లకు ఫ్లోటింగ్ పాయింట్ అంటే చాలు. హ్యాచ్ మూలాన్ని కట్ట దగ్గరికి తెచ్చుకుంటే సరిపోతుంది. మాకు ఈ రెండూ ఎదురుకాలేదు, వెతుకుతుంటే తెలిసినయ్.

హాస్టల్‌కి వచ్చాక మిగిలిన జీవితం రాత్రే పూర్తి చేశాను. 1929లో సింధ్‌లోని సుక్కూర్ బ్యారేజీ లెక్కలు చూడటానికి బొంబాయి ప్రభుత్వం ఇద్దరిని పిలిచింది. ఒకరు విశ్వేశ్వరయ్య, ఇంకొకరు అలీ నవాజ్ జంగ్. 1938లో కాంగ్రెస్ నేషనల్ ప్లానింగ్ కమిటీ వేసింది. నెహ్రూ దానికి అధ్యక్షుడు. అందులో నదులు, నీటిపారుదల ఉపసంఘాన్ని నడిపింది ఈయనే. ఇది చదివి కాసేపు ఆగిపోయాను. ఇక్కడేమో నిజాం కొలువు, అక్కడేమో నిజాం లాంటి రాజులే వద్దనేవాళ్ల కమిటీ. స్వతంత్రం రాకముందే, రాబోయే దేశానికి నీళ్ల లెక్క వేయడానికి వాళ్లకు హైదరాబాద్ సంస్థానం ఇంజినీర్ కావాల్సొచ్చాడు. రూమ్మేట్‌కు చూపించాను. ఏమీ అనకుండా ఆ పేరాను కొంచెం పెద్ద అక్షరాల్లో పెట్టమన్నడు.

పదవి దిగిపోయాక కూడా ఆయన సలహాలిస్తూనే ఉన్నారు. తుంగభద్ర మీద మద్రాసుతో ఏళ్ల తరబడి సాగిన బేరం 1944లో ఒప్పందంగా తేలింది. హైదరాబాద్ వైపు నుంచి ఆ వాటా కోసం నిలబడ్డవాళ్లలో ఆయన ముఖ్యులు. 1945లో తుంగభద్రకు పునాదిరాయి పడింది. మన దగ్గర నర్మాల దగ్గర ఎగువ మానేరు కట్టిందీ ఆ దశాబ్దంలోనే. 1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్‌తో ఆయన యాభై ఏళ్లు చూసిన రాజ్యం ముగిసింది. 1949 డిసెంబర్ 6న ఆయన పోయారు. 72 ఏళ్లు. ఆయన పోయిన తొమ్మిదేళ్లకు కడెం తెగింది. పోచంపాడు దగ్గర నెహ్రూ శంకుస్థాపన చేసింది 1963లో, ఆ కాలువ నీళ్లు మా కరీంనగర్ దిక్కు రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

ఎగ్జిబిషన్ బాగానే జరిగింది. ఫస్టియర్ వాళ్లు ఎక్కువ సేపు నిలబడింది మంచి షీట్ దగ్గర కాదు, పక్కన సరదాకి అంటించిన నల్ల ప్రింట్ దగ్గర. సెల్ఫీలు కూడా దాంతోనే. ఒక సార్ మాత్రం రెండిటినీ పక్కపక్కన చూసి, పాత రోజుల్లో రోట్రింగ్ పెన్నుతో గంటల కొద్దీ ఈ గీతలు గీసేవాళ్లమని, చివరి గీత దగ్గర ఇంకు జారితే షీట్ మొత్తం మళ్లీ గీయాల్సి వచ్చేదని చెప్పారు. మాకు పోయింది మూడు ప్రింట్ల డబ్బులే.

ఆ శనివారం ఒక కాపీ చుట్టుకుని అమ్మమ్మ ఊరికి పోయాను. అమ్మమ్మకు చదువు రాదు. షీట్‌ను మంచం మీద పరిచి నాలుగు మూలలా నాలుగు చెంబులు పెట్టి చూపించాను. కింది అక్షరాలను ఆమె పట్టించుకోలేదు. చుక్కల మీద వేలు పెట్టి, ఇది మట్టి కదా బిడ్డా అంది. గీతల మీద వేలు పెట్టి, ఇది రాయి అంది. మేం గీసింది కడెం కాదని, మామూలు నమూనా అని చెప్పబోయాను. అమ్మమ్మ వినలేదు. నీళ్ల మట్టం చూపించే సన్న గీత దగ్గర వేలు ఆపి, ఇది తప్పు గీసినవ్ అంది. వేలిని పైకి జరిపి, కట్ట నెత్తి మీద పెట్టి, నీళ్లు ఈడిదాక వచ్చినయ్ అని చూపించింది.